పావు వంతు చాలన్న కత్తి

ఒకప్పుడు రొమ్ములో క్యాన్సర్ గడ్డ కనిపిస్తే రొమ్ముతోపాటు దాని కింది ఛాతీ కండరాలూ, చంక గ్రంథులూ తీసేయాల్సిందే. అమెరికా సర్జన్ హాల్‌స్టెడ్ వేసిన ఈ బాటను దశాబ్దాలపాటు చాలామంది సర్జన్లు దాటలేదు. ప్రాణం దక్కినా పక్కటెముకలు తేలిన ఛాతీ, వాచిన చెయ్యి మిగిలేవి.

మిలాన్ సర్జన్ ఉంబెర్టో వెరొనేసికి ఇది మింగుడుపడలేదు. 1973-80 మధ్య, రెండు సెంటీమీటర్లు మించని గడ్డలున్న 701 మందిని చీటీలు తీసినట్టు రెండు జట్లు చేశారు. సగం మందికి పాత కోత. మిగతావారికి గడ్డ ఉన్న పావుభాగాన్నీ, చంక గ్రంథులనూ తీసి, రొమ్ముకు రేడియేషన్ ఇచ్చారు.

ఇరవయ్యేళ్ల తర్వాత కూడా లెక్క చూశారు.

మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే అక్కడే క్యాన్సర్ తిరగబెట్టినవారు పాత పద్ధతిలో 8 మంది, కొత్తదాంట్లో 30 మంది. 2002లో ఆ అంకెనూ దాచకుండా అచ్చేయించారు. చేతి నేర్పు కన్నా దీనికే ఎక్కువ మార్కులు వేయాలి.