సార్వభౌమత్వానికి రంగుంది, కులమూ ఉంది

పరాయివాణ్ణి రానివ్వాలా వద్దా అన్నది ప్రతి రాజ్యానికీ ఉన్న సార్వభౌమాధికారమని న్యాయశాస్త్రంలో చదువుకుంటాం. ఆ సూత్రం ఎవర్ని గెంటడానికి బలపడిందో మాత్రం పాఠంలో చెప్పరు.

చే చాన్ పింగ్ చైనా కూలీ. శాన్‌ఫ్రాన్సిస్కోలో పన్నెండేళ్లు రెక్కలు ముక్కలు చేసుకున్నాడు. 1887లో, తిరిగి రావచ్చన్న సర్కారీ కాగితం చేతబట్టుకునే చైనా వెళ్లాడు. అతను తిరుగు ఓడలో ఉండగానే, 1888 అక్టోబర్ 1న, ఆ కాగితాలేవీ చెల్లవని చట్టమొచ్చింది. వారానికి రేవు చేరినవాణ్ణి దిగనివ్వలేదు. 1889లో అమెరికా సుప్రీంకోర్టు అదే సబబంది. వేరే జాతివాళ్లు తమలో కలవరు, వాళ్లతో ముప్పుంది అని ప్రభుత్వం అనుకుంటే చాలట, యుద్ధం లేకపోయినా ఆపొచ్చట! తర్వాత తర్వాత జాతి మాట మరుగున పడింది. అధికారం మాత్రం మిగిలింది.

మరి మనదేశం నుంచి వెళ్లినవాళ్ల సంగతి? అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ సిక్కు భగత్‌సింగ్ థిండ్ (ఉరికంబమెక్కిన భగత్‌సింగ్ కాదు) 1923లో అదే కోర్టులో పౌరసత్వం కేసు ఓడిపోయాడు. ఆయన్ని జాతివివక్షకు బలైనవాడిగా చెప్పుకుంటారు. నిజమే. కానీ ఆయన తరఫు వాదనేమిటి? తాను 'అగ్రకుల హిందువు', ఆర్యుడు, కాబట్టి తెల్లవాడే. నీగ్రోతో పెళ్లంటే అమెరికన్‌కి ఎంత ఏవగింపో, ఇండియాలోని ఆదిమజాతులతో పెళ్లంటే అగ్రకులస్తుడికీ అంతేనని వకీళ్లు రాసిచ్చారు. అంటే, సాటి మనిషిని అసహ్యించుకోవడమే అర్హతాపత్రమైంది! తలుపు తీసెయ్యమని అడగలేదు, మమ్మల్ని లోపలేసుకుని మూసుకోండి అన్నారు. మామూలు తెల్లవాడి లెక్కలో నువ్వు తెల్లవాడివి కాదు పొమ్మంది కోర్టు.

1965 నాటి జాతివివక్ష వ్యతిరేక ఒప్పందంలో 'వంశం' అన్న మాట చేర్పించింది భారత ప్రభుత్వమే. పౌరులకీ పరాయివాళ్లకీ మధ్య రాజ్యాలు చూపే తేడాకి ఆ ఒప్పందం వర్తించదని అందులోనే రాసుకున్నారు. సరిహద్దు గేటు అట్లా తప్పించుకుంది. 2001లో దళితులు డర్బన్ సభకి కులం సమస్య తీసుకెళ్తే, అది జాతి కాదు, మా ఇంటి వ్యవహారం అంది ఢిల్లీ. 'వంశం'లో కులమూ వస్తుందని ఐక్యరాజ్యసమితి కమిటీ 2002లో తేల్చినా ఒప్పుకోలేదు. చైనా కూలీని రేవులో ఆపడానికి అక్కరకొచ్చిన మాటే ఇక్కడ మాలమాదిగల గోడు గడప దాటకుండా అడ్డుపెట్టారు.

థిండ్ కేసు పాఠం చెప్పే మాస్టార్లకు మాదొక్కటే మనవి. తీర్పు ఒక్కటే కాదు, ఆ వాదనపత్రం కూడా విద్యార్థుల చేత చదివించండి.