పని తెలిసిన ముక్కు

ఇంటి షెడ్డులో బెల్టు గ్రైండరు మీద కత్తులు సానపట్టేవాళ్ల చేతివాటాన్ని అందరూ మెచ్చుకుంటారు. నాకు వాళ్ల ముక్కంటే గౌరవం.

తేడా వాసన రాగానే మంచి పనివాడు మిషను ఆపేస్తాడు. ఘాటుగా మందు వాసనలా ఉంటే, గరుకు పొడిని గుడ్డకు పట్టి ఉంచే ఫినాలిక్ రెజిన్ వేడెక్కిందన్నమాట. చాలాసార్లు కారణం అరిగిన బెల్టే. అది కోయడం మానేసి రుద్దుతుంది, రాపిడికి వేడి పుడుతుంది. దాన్ని పారేయడానికి మనసొప్పదు కానీ పారేయాల్సిందే. వెంట్రుకలు కాలినట్టుంటే బెల్టుకు తోలు జిగురు వాడి ఉండొచ్చు, లేదా పిడికి వేసిన కొమ్ము వేడెక్కి ఉండొచ్చు. రబ్బరు వాసనైతే జారుతున్న డ్రైవ్ బెల్టును చూస్తాడు. వార్నిష్ వాసనైతే మోటారు వైండింగును.

అన్నిటికన్నా నేను మెచ్చేది ఒకటుంది. స్టీలు సానపడుతుండగా కట్టె కాలే వాసన వస్తే అతను క్షణం కూడా ఆలస్యం చేయడు. దుమ్ము సంచిలోని రంపపు పొట్టులో నిప్పురవ్వ పడితే మంట కనిపించకుండానే గంటల తరబడి రాజుకుంటుంది. అందుకే కట్టె పని నుంచి ఇనుము పనికి మారేముందు సంచి ఖాళీ చేస్తాడు, గొట్టం కూడా దులుపుతాడు.