మూడు తరాల నాడి: ‘ఆరోగ్య నికేతన్’ను మరల చదివినప్పుడు

తారాశంకర్ బందోపాధ్యాయ గారి వంగ నవల ‘ఆరోగ్య నికేతన్’ 1953లో వెలువడినది. 1955లో రవీంద్ర పురస్కారాన్నీ, 1956లో సాహిత్య అకాడమీ బహుమానాన్నీ పొందినది. నాటినుంచి నేటివరకు దీనిని పాత వైద్యానికీ కొత్త వైద్యానికీ మధ్య వివాదంగా చదవటం అలవాటైపోయినది. ఆయుర్వేదాభిమానులు తమ పక్షాన దీనిని ఉదాహరిస్తారు. శాస్త్రాభిమానులు, కాలం చెల్లిన విద్యకు కవి విడిచిన కన్నీటి బొట్టుగా దీనిని గౌరవించి పక్కన పెడతారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉన్నది. అయితే ఈ గ్రంథంలోని అసలు ప్రశ్న వైద్యపద్ధతిని గురించినది కాదనీ, ఒక వంశంలో తండ్రినుంచి కొడుకుకు సంక్రమించిన సత్యవచనం ఆ వంశాన్ని ఏమి చేసినదనేదే ఇందలి కథ అనీ నా మనవి.

దేవీపురం అనే పల్లెలో మూడు తరాలుగా వైద్యం చేస్తున్న కుటుంబం అది. గ్రామస్థులు వారిని ‘మశాయ్’ అని పిలుస్తారు. మహాశయుడనే మాటకు అది వాడుక రూపం. దీనబంధు మొదటివాడు. ఆయన కుమారుడు జగద్బంధు. మూడవవాడు జీవన్ మశాయ్. ఆయన వృద్ధాప్యంలో కథ మొదలవుతుంది. అప్పటికి ఆరోగ్య నికేతన్ గోడలు శిథిలమైనవి. సమీపంలోని నవగ్రామంలో ఆసుపత్రి వచ్చినది. ప్రద్యోత్ అనే యువవైద్యుడు అక్కడ పెన్సిలిన్ మొదలైన కొత్త మందులతో, రక్తపరీక్షలతో పనిచేస్తున్నాడు. జీవన్ మశాయ్ నాడి చూచి, రోగి బ్రతుకునో లేదో, బ్రతుకకపోతే ఎన్ని దినాలో చెప్పగలడు. ఆ చెప్పటమే ప్రద్యోత్‌కు క్రౌర్యంగా తోచినది.

ఈ కథలో వైద్యులందరికీ వేపకాయంత వెర్రి ఉన్నది. జీవన్ మశాయ్ మిత్రుడైన సేతాబ్‌తో చదరంగం ముందు కూర్చుంటే లోకాన్ని మరచిపోతాడు. ఆయనకు ఇంగ్లీషు వైద్యం నేర్పిన రంగలాల్ డాక్టరు మరింత వింతమనిషి. ఏ వైద్య కళాశాలకూ పోక, నదిలో కొట్టుకువచ్చిన శవాలను తెచ్చి స్వయంగా కోసి, శరీరశాస్త్రాన్ని అభ్యసించినవాడు. మశాయ్‌ల శిష్యుడైన శశి తాగుబోతు. హాస్యం కోసమే ఐతే ఇటువంటి పాత్రలను కల్పించటం సులభమే. కాని తారాశంకర్ గారు వీరి చాదస్తానికి ఒక మూలం చూపించినారు. దినదినమూ మృత్యువు ముఖం చూచేవాడు అందరివలె మాటలాడలేడు, అందరివలె ఊరకుండనూ లేడు. ఆ భారాన్ని ఒక్కొక్కడు ఒక్కొక్క విధంగా మోస్తున్నాడు.

ఇక్కడ అనువాదకునిగా నన్ను చాలా కాలం వేధించిన ఒక మాటను ప్రస్తావించాలి. జీవన్ మశాయ్ చేసే మరణనిర్ణయాన్ని వంగభాషలో ‘నిదాన్’ అంటారు. అది సంస్కృత శబ్దమే. మనకూ రోగనిదానం అనే మాట ఉన్నది. కాని మన వాడుకలో నిదానమంటే తొందరలేమి. ‘నిదానంగా నడువు, నాయనా’ అని పెద్దలంటారు. ‘మశాయ్ నిదానం చెప్పినాడు’ అని తెలుగులో వ్రాస్తే పాఠకుడు తడబడక తప్పదు. ‘మరణనిర్ణయం’ అంటే న్యాయస్థానంలో తీర్పువలె వినిపిస్తుంది. ‘గడువు చెప్పినాడు’ అన్నది కొంత దగ్గర.

ఈ లోటు నిఘంటువులోది మాత్రమే కాదు. మన పల్లెలలో ఆశలేని రోగిని చూచిన వైద్యుడు ఏమి చేస్తాడు? పెదవి విరుస్తాడు. బంధువులు ఆ విరుపును చూచి గ్రహించుకొంటారు. మాట ఎవరి నోటినుంచీ రాదు. తెలుగు నుడికారం ఆ క్షణాన్ని మౌనానికి అప్పగించినది. జీవన్ మశాయ్ ఆ మౌనాన్ని పాటించడు. ఒక వృద్ధురాలితో, గంగాతీరానికి పొమ్మనీ, కాలం సమీపించినదనీ చెప్పివేస్తాడు. ఆయన దృష్టిలో అది దయ. సిద్ధపడటానికి మనిషికి కొంత వ్యవధి ఇవ్వటం. ప్రద్యోత్ దృష్టిలో అది బ్రతుకవలసినవానిని ముందే చంపటం. రచయిత ఈ రెండింటిలో దేనినీ తేలికచేయలేదు. ఇది ఆయన న్యాయబుద్ధికి నిదర్శనం.

అయితే ఈ సత్యవచనానికి పరీక్ష పరాయి ఇంటిలో కాక సొంత ఇంటిలోనే జరిగినది. జీవన్ మశాయ్ కుమారుడు వనవిహారి. తానూ వైద్యుడై, విలాసాలలో ఆరోగ్యాన్ని పోగొట్టుకొన్నాడు. తండ్రి కొడుకు నాడి చూచినాడు. ఊరివారి చేయి పట్టినప్పుడు తెలిసినట్లే ఇప్పుడూ తెలిసినది. విద్య తండ్రి అని చూడలేదు. వనవిహారి మరణంతో మశాయ్‌ల వైద్యపరంపర ఆగిపోయినది. భార్య ఆతర్ బౌ భర్తను క్షమించలేదు. ఆమె కోపంలో తర్కం లేదని కొందరు విమర్శకులు అంటారు. నాకు అందులో తర్కం కనబడుతున్నది. చావును అంత ముందుగా తెలిసికొన్నవాడు దానిని ఆపలేకపోతే ఆ తెలివి ఎందుకని తల్లి అడుగుతున్నది. నవలలో దీనికి సమాధానం లేదు, ఉండవలసిన అవసరమూ లేదు.

జీవన్ తనంతట తానై ఈ వారసత్వాన్ని కోరుకోలేదన్న సంగతినికూడా గమనించాలి. యౌవనంలో ఇంగ్లీషు వైద్యం చదవాలనుకొన్నాడు. మంజరి అనే కన్యను ప్రేమించి, అవమానపడి, ఇల్లు చేరి, తండ్రివద్ద నాడిశాస్త్రం నేర్చుకొన్నాడు. నిండుమనస్సుతో స్వీకరించని విద్యలో అందరినీ మించినాడు. వంశవృత్తులను గురించి వ్రాసేవారు సాధారణంగా గర్వాన్నో తిరుగుబాటునో చిత్రిస్తారు. ఓడిపోయి వచ్చినవాడు గొప్పవాడు కావటం అరుదుగా చూస్తాము.

జగద్బంధు కొడుకుకు చెప్పిన మృత్యుదేవత కథ నవలకు వెన్నెముక. భారతంలో బ్రహ్మ మృత్యువును స్త్రీగా సృష్టిస్తాడు. ప్రాణులను చంపలేనని ఆమె ఏడుస్తుంది. ఆ కన్నీరే వ్యాధులైనవి. తారాశంకర్ గారి చేతిలో ఆమె పింగళకేశి, అంధురాలు, బధిర. లోభమోహాలే ఆమెకు దారి చూపుతవి. దాతు ఘోషాల్‌కు తిండియావ, రతన్‌బాబు కుమారుడు విపిన్‌కు ప్రతిష్ఠాకాంక్ష. మశాయ్ నాడిలో వినేది శ్లేష్మపిత్తాలను మాత్రమే కాదు, ఈ రిపువులనుకూడా.

తెలుగులో ఏకవచనంలో స్త్రీకీ జడపదార్థానికీ క్రియారూపం ఒక్కటే. ‘మృత్యువు వచ్చినది’ అంటే స్త్రీ వచ్చినదా, వ్యాధి వచ్చినదా? మన వ్యాకరణంలోని ఈ సందిగ్ధత ఈ నవలకు కలిసివచ్చే వరం. తన నాడిని తానే గమనిస్తూ, ఆమె ఏ రూపంతో, ఏ స్పర్శతో వస్తుందోనని జీవన్ మశాయ్ ఎదురుచూచే చివరి ఘట్టంలో తెలుగు వాక్యం ఆ రహస్యాన్ని విప్పకుండా నిలుపగలదు.

లోపం చెప్పకపోతే విమర్శ స్తోత్రమవుతుంది. ఈ నవలలో పురుషులకు విద్యలున్నవి, వాదాలున్నవి. స్త్రీలు చాలావరకు జీవన్ మశాయ్ మనస్సుకు అద్దాలు. ప్రద్యోత్ భార్య మంజు ఆనాటి మంజరి వంశంలోనిదే అని తేలటం కథకు అమరికను ఇచ్చినది కాని, మంజరికి ఒక జీవితాన్ని ఇవ్వలేదు. ఆతర్ బౌ ఒక్కతే ఎదురుతిరిగి మాటలాడుతుంది. ఆమె మాటకు రచయిత మరికొంత చోటు ఇచ్చి ఉండవలసినది.

మన సాహిత్యంవైపు చూస్తే, ‘వేయిపడగలు’లో విశ్వనాథ వారు ఒక వ్యవస్థ క్షీణించటాన్ని మహాకావ్య ప్రమాణంతో చూపినారు. బుచ్చిబాబు గారి ‘చివరకు మిగిలేది’లో దయానిధి వైద్యుడే. కాని అతనికి సంక్రమించినది తల్లిపై పడిన అపవాదు. వైద్యం అతని బ్రతుకుతెరువు మాత్రమే. మొదటిదానిలో వంశం, ధర్మం ఉన్నవి. రెండవదానిలో మనిషి అంతరంగం ఉన్నది. చేతిలోని పని తరతరాలుగా మనిషి స్వభావాన్ని మలచటం, ఆ పనియే ఇంటివారిమధ్య గోడయై నిలవటం కేంద్రంగా గల గొప్ప నవల మనకు ఇంకా రావలసి ఉన్నదనుకొంటాను. మనకు అటువంటి ఇళ్ళు లేకపోలేదు. నాటువైద్యుల ఇళ్ళు, మంత్రసానుల ఇళ్ళు, తండ్రి ఆసుపత్రిలో కొడుకూ కోడలూ కూర్చున్న పట్టణపు ఇళ్ళు ఉన్నవి.

వాటిని గురించి వ్రాయదలచినవారు ఈ వంగనవలనుంచి కథను తెచ్చుకోవలసిన పని లేదు. ముందుగా ఆ ఇంటివారి మాటలను వినాలి. మన వైద్యుడు పెదవి విరిచినప్పుడు చెప్పకుండా మింగిన మాట ఏమిటో, అది ఆ రాత్రి అతని భోజనాన్ని ఏమి చేసినదో వ్రాయగలిగినవాడు తారాశంకర్ గారికి తగిన వారసుడు. ఆ రచన చేయగలవారు మనలో ఉన్నారని నమ్మి ఈ నాలుగు మాటలు వ్రాసినాను.