పిచ్చి, కులం, వెలి

మానసిక రోగుల మీద ఉన్న చిన్నచూపు పోవాలని ఈమధ్య గోడల మీదా సభల్లోనూ ప్రచారం బాగానే జరుగుతోంది. మంచిదే. అయితే ఆ ప్రచారపు భాషని విస్సన్నపేట మామిడితోటల్లో కాయ కోసే కూలీ పక్కన నిలబడి చదవాలని మా ప్రయత్నం.

ఇంగ్లీషు 'స్టిగ్మా'ని మన పండితులు 'కళంకం' అన్నారు. కళంకం అంటే మచ్చ. మచ్చ ఉండేది మనిషి మీద. మేము దాన్ని 'వెలి' అంటాం. వేసేవాడు లేకుండా వెలి లేదు. అమెరికన్ సమాజశాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1963లో రాసిన 'స్టిగ్మా'లో మనోవ్యాధిని ఒక రకంగా, జాతి మతాల్లా వంశం వెంట వచ్చేదాన్ని ఇంకో రకంగా చెప్పి, రెంటినీ ఒకే సూత్రానికి కట్టాడు. గూడెంలో ఈ రెండూ ఒకే మనిషి మీద పడతాయి. గ్లాసు వేరు, పంక్తి వేరు, పిల్లనివ్వరు. ఇదంతా మనకు కొత్త కాదు. ఊరు మనకు చేసిందే, మతి చెదిరిన మనిషికి మన గూడెం కూడా చేస్తోంది.

సాక్ష్యం మన నోట్లోనే ఉంది. 'మెంటల్' వైద్యుల మాట, తెలుగులోకొచ్చి తిట్టయింది. 2009లో 'మెంటల్ కృష్ణ' అని సినిమా పేరే అయింది. 'వీణ్ణి ఎర్రగడ్డ పంపాలిరా' అంటే అందరూ నవ్వుతారు. ఆస్పత్రి పేరే ఎగతాళి అయినచోట ఆ గడప ఎవరు తొక్కుతారు?

'ఈ జబ్బు ఎవరికైనా రావచ్చు' అంటుంది ప్రచారం. నిజమే. వైద్యం ఎవరికైనా అందుతుందా? నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం, జబ్బుని బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదు. దీన్ని జనం అజ్ఞానం కింద రాసెయ్యడం తేలిక. కోతల రోజుల్లో బెజవాడ పోయి చూపించుకోవాలంటే రోగి కూలీ, తోడెళ్ళినవాళ్ళ కూలీ రెండూ పోతాయి. పైన బస్సు ఖర్చు. అదీ ఒక్కసారితో తేలదు. తాయెత్తు, ప్రార్థన ఇంటి దగ్గరే దొరుకుతాయి. పైగా 'గాలి సోకింది' అంటే తప్పు గాలిది, మనిషిది కాదు. ఆ ఊరట ఆస్పత్రి చీటీలో లేదు. కానీ ఆ దారి చివర గొలుసు కూడా ఉంటుంది. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో, దర్గాకి వచ్చిన రోగుల్ని ఉంచే ఒక ప్రైవేటు ఆశ్రమం తగలబడితే, గొలుసులతో కట్టేసిన మనుషులు పారిపోలేకపోయారు. 28 మంది చనిపోయారు.

రెండో ప్రమాదం ఇంకో వైపు నుంచి వస్తుంది. 2016 జనవరిలో హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టళ్ళ నుంచి గెంటేసిన దళిత విద్యార్థులు తమ గుడారానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. ఆ నెల 17న రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు. కేంద్రం వేసిన ఏకసభ్య సంఘం ఆ చావుకి సొంత నిరాశే కారణమంది, వివక్షని పక్కన పెట్టింది. వెలేసినవాడు తప్పుకున్నాడు, మచ్చ మాత్రం పోయినవాడి మీద మిగిలింది.

దీనికి జవాబుగా ఉద్యమంలో కొందరు 'మనోళ్ళకి జబ్బేం లేదు, అంతా కులమే' అంటున్నారు. ఈ మాట కోపంలోంచి వచ్చింది, అర్థమవుతుంది. కానీ నిజంగా జబ్బు చేసిన దళితుడు ఎక్కడికి పోవాలి? కులం మనసుని గాయపరచదని చెప్పడమా మన ఉద్దేశం? గాయాన్ని ఒప్పుకుంటే గాయం చేసినవాడు తప్పించుకోడు, ఇంకా గట్టిగా దొరుకుతాడు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ రెండు వైపులా పనికొస్తుంది. సామాజిక హోదాని బట్టి ఎవరికీ రోగం అంటగట్టకూడదని 3వ సెక్షను. ప్రభుత్వ వైద్యం పొందడం హక్కని 18వ సెక్షను. గొలుసులు కట్టకూడదని 95వ సెక్షను. దండోరా వేసి చెప్పాల్సిన సంగతులివి. 14416కి ఫోను చేస్తే మాట్లాడేవాళ్ళున్నారని చెబుదాం. అక్కడితో ఆగకుండా మండల కేంద్రం ఆస్పత్రిలోనే డాక్టరు, మందులు నెలనెలా అందాలని అడుగుదాం. మన సభల్లో పాలకుల్ని 'పిచ్చోళ్ళు' అని తిట్టడం మానేద్దాం. వాళ్ళకి పిచ్చి లేదు. వాళ్ళు చేసేది తెలిసే చేస్తున్నారు.