ఫార్మాట్ కొట్టే ముందు

2022 అక్టోబర్. లినక్స్ కెర్నల్ 6.1 వెర్షన్ కోసం ప్రపంచం నలుమూలల నుంచి కోడ్ వచ్చి పడుతున్న రోజులు. దాన్నంతా ఒక్కచోట కలిపే లినస్ టోర్వాల్డ్స్ డెస్క్‌టాప్ సరిగ్గా అప్పుడే మొరాయించింది. కంపైల్ జరుగుతుండగా ప్రోగ్రాములు కారణం లేకుండా కుప్పకూలుతున్నాయి. కొత్తగా కలిపిన కోడ్ మీదికి అనుమానం పోవడం సహజం. ఆయన ముందుగా పాత కెర్నల్‌తో మెషీన్ బూట్ చేసి చూశారు. అందులోనూ అదే గొడవ! ఇక రాత్రంతా మెమ్‌టెస్ట్86+ అనే ర్యామ్ పరీక్ష నడిపితే అసలు సంగతి బయటపడింది. రెండున్నరేళ్లు నిక్షేపంగా పనిచేసిన ర్యామ్ స్టిక్ ఒకటి చెడిపోయింది. కొత్తది వచ్చేదాకా ఆయన లాప్‌టాప్ మీదే పని నెట్టుకొచ్చారు.

ఇందులో గమనించాల్సింది ఆ వరస. పాత కెర్నల్ పెట్టి చూడటమనే ఒక్క పనితో కొత్త కోడ్ అంతా అనుమానితుల జాబితాలోంచి బయటికి పోయింది. మిగిలింది హార్డ్‌వేర్. అక్కడినుంచి వెతకాల్సిన చోటు చాలా చిన్నది.

మన ఇళ్లలో మాత్రం సిస్టమ్ రెండుసార్లు ఆగితే చాలు, మూడోసారికి ఎవరో ఒకరు తీర్పు చెప్పేస్తారు: ‘ఫార్మాట్ కొట్టించు, అదే పోతుంది.’ కొన్నిసార్లు నిజంగానే పోతుంది. పాడైన డ్రైవరో, వైరసో కారణమైతే అది సరైన మందే. కానీ ఫార్మాట్‌తో పాటు సాక్ష్యం కూడా పోతుంది. సిస్టమ్ కూలిన ప్రతిసారీ విండోస్ తన ఫోల్డర్‌లోని మినీడంప్‌లో ఒక చిన్న ఫైలు రాసిపెట్టడానికి ప్రయత్నిస్తుంది. ఆ క్షణంలో ఏ డ్రైవర్ ఏం చేస్తోందో అందులో ఉంటుంది. దాన్ని చదవకుండానే చెరిపేయడం ఏం దర్యాప్తు? పైగా తప్పు ర్యామ్‌లో ఉంటే, కొత్తగా ఎక్కించే విండోస్ ఫైళ్లు ఆ చెడ్డ ర్యామ్ గుండానే డిస్క్‌లోకి పోతాయి. మొదటిరోజే సగం పాడైన సిస్టమ్ తయారవుతుంది.

చాలామంది బ్లూ స్క్రీన్‌ని జబ్బు అనుకుంటారు. నిజానికి అది విండోస్ తనంతట తాను వేసుకునే బ్రేకు. ఇంకా ముందుకు పోతే డేటా పాడవుతుందని తెలిసి ఆగిపోతుంది. (2025లో మైక్రోసాఫ్ట్ ఆ నీలాన్ని నలుపు చేసింది. చూసేవాడి గుండెదడలో పెద్ద తేడా ఏమీ లేదు.) దాని మీద కనిపించే స్టాప్ కోడ్ చదివేలోపే కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంటే, సిస్టమ్ సెట్టింగుల్లో ఆటోమేటిక్ రీస్టార్ట్ అన్న టిక్కు తీసేస్తే సరి. కోడ్ ప్రతిసారీ ఒకటే వచ్చి, ఒకే డ్రైవర్ పేరు చూపిస్తుంటే ముందు ఆ డ్రైవర్‌ని పట్టుకోవాలి. ఇవాళ ఒకటి, రేపు ఒకటి, ఎల్లుండి ఇంకొకటి వస్తుంటే అనుభవమున్నవాళ్ల చెయ్యి ముందు ర్యామ్ మీదికి పోతుంది.

ఇలా హఠాత్తుగా ఆగిన మెషీన్‌లో, విండోస్ చిట్టా చూపించే ఈవెంట్ వ్యూయర్ తెరిచినవాళ్లకి అక్కడ కెర్నల్-పవర్ 41 అనే ఎర్ర గుర్తు ఎదురవుతుంది. కారణం దొరికిందని సంబరపడి, కొత్త ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) కొనేసేవాళ్లూ ఉన్నారు. ఆ నంబరు చెప్పేది ఒక్కటే: కిందటిసారి కంప్యూటర్ పద్ధతిగా షట్‌డౌన్ కాలేదని. అది ఇంటివాళ్లకి ముందే తెలుసు. దాని వివరాల్లోకి వెళ్లి బగ్‌చెక్ కోడ్ చూడాలి. అక్కడ సున్నా ఉంటే బ్లూ స్క్రీన్ నమోదయ్యే వ్యవధి కూడా దొరకలేదన్నమాట. అంటే కరెంటు పుటుక్కున తెగి ఉండాలి, లేదా మెషీన్ బిగుసుకుపోయి ఉండాలి.

ర్యామ్ విషయానికొస్తే మన మెకానిక్‌లది ఒక పాత చిట్కా: స్టిక్ తీసి, బంగారు పూత ఉన్న అంచుని పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టడం. నవ్వాల్సిన పనేమీ లేదు, కాంటాక్టుల మీద పేరుకున్న మురికి పొర పోతే నిజంగానే పనిచేస్తుంది. సగంసార్లు రబ్బరుకి దక్కిన పేరు, తీసి గట్టిగా పెట్టడానికి దక్కాల్సింది. రుద్దుడు శ్రుతిమించితే పూత కూడా పోతుంది.

అసలైన పరీక్ష మెమ్‌టెస్టే. 1994లో క్రిస్ బ్రాడీ రాసిన ప్రోగ్రామ్ నుంచి పుట్టిన కుటుంబం అది. పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా బూట్ అవుతుంది కాబట్టి విండోస్‌కి అందులో ప్రమేయమే ఉండదు. ర్యామ్‌లోని ప్రతి గదిలో రకరకాల వరసల్లో సున్నాలు, ఒకట్లు రాసి, తిరిగి చదివి సరిచూస్తుంది. ఒక్క తప్పు వచ్చినా వదిలేయకూడదు. అప్పుడు రెండు స్టిక్‌లుంటే ఒకటి తీసి నడపాలి, తర్వాత స్లాటు మార్చి నడపాలి. తప్పు స్టిక్ వెంట నడిస్తే దోషం స్టిక్‌ది. స్లాటు దగ్గరే ఉండిపోతే మదర్‌బోర్డు వైపు చూడాలి. డబ్బా మీద గొప్పగా వేసిన 3600 వేగం కోసం బయోస్‌లో ఎక్స్ఎంపీ పెట్టుకున్నవాళ్లు, దాన్ని ఆపి మరోసారి పరీక్షించడం మంచిది. డీడీఆర్4 ప్రామాణిక వేగం 3200 దగ్గరే ఆగుతుంది. ఆపైదంతా ఓవర్‌క్లాకింగే.

అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు ర్యామ్‌లో బిట్లు తారుమారు చేస్తాయన్నదీ నిజమే. 2003లో బెల్జియంలోని షార్‌బేక్ ఎన్నికల్లో ఒక అభ్యర్థికి సరిగ్గా 4096 ఓట్లు ఎక్కువ పడ్డాయి. రెండుని పన్నెండుసార్లు హెచ్చిస్తే వచ్చే సంఖ్య అది, ఒక్క బిట్ తిరగబడితే సరిపోతుంది. నింద కాస్మిక్ కిరణం మీదికి వెళ్లింది గానీ రుజువు కాలేదు. ఇంట్లో కంప్యూటర్ వారానికి మూడుసార్లు కూలుతుంటే మాత్రం ఆకాశాన్ని తిట్టి లాభం లేదు. గూగుల్ సర్వర్లను పరిశీలించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాదికి 8 శాతానికి పైగా ర్యామ్ మాడ్యూళ్లలో తప్పులు కనిపించాయి. వాటిలో పెద్ద వాటా చిప్ దోషాలదేనని తేలింది. ఆ సర్వర్లలో తప్పుని పట్టి దిద్దే ఈసీసీ ర్యామ్ ఉంది. ఇళ్లలోని డెస్క్‌టాప్‌లకి సాధారణంగా ఉండదు. దాన్ని మామూలు కొనుగోలుదారుకి దూరంగా ఉంచారని టోర్వాల్డ్స్ పరిశ్రమ మీద బహిరంగంగానే మండిపడ్డారు. ఆ కోపం న్యాయమైనదే.

ఇక అందరినీ తికమక పెట్టేది కరెంటు. సీపీయూని స్కూటర్ మీద పెట్టుకుని సికింద్రాబాద్ సీటీసీలోని కంప్యూటర్ షాపుకి తీసుకెళ్తే అక్కడ పొద్దంతా హాయిగా నడుస్తుంది. డాక్టర్ని చూడగానే తగ్గే జ్వరం లాంటిది. 
‘ఎప్పుడు ఆగుతోంది సార్?’ 
‘ఎప్పుడంటే అప్పుడే!’ 
ఈ జవాబుతో ఎంత మంచి మెకానిక్ అయినా చెయ్యగలిగింది తక్కువ. షాపులో ఏసీ ఉంది, క్యాబినెట్ తలుపు తీసి ఉంది, ఇంట్లోని యూపీఎస్ అక్కడ లేదు. దుమ్ము పట్టిన హీట్‌సింక్ మే నెల మధ్యాహ్నం చేసే అల్లరి అక్కడ చెయ్యదు. కరెంటు పోయినప్పుడు ఎస్ఎంపీఎస్ తనలో దాచుకున్న శక్తితో నెట్టుకురాగలిగేది సుమారు 16 మిల్లీసెకన్లు. ఇన్వర్టర్ మారడానికి అంతకన్నా ఎక్కువ తీసుకుంటే ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, కంప్యూటర్ మాత్రం ఆగిపోతుంది. చాలా ఇన్వర్టర్లకి యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉన్నది ఇందుకే. చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీద ఇచ్చే మెట్లమెట్ల కరెంటు కొన్ని కొత్త ఎస్ఎంపీఎస్‌లకి సరిపడదు. అందుకే ఆగిన ప్రతిసారీ టైము, అప్పుడు కరెంటు పోయిందా, ఏం పని నడుస్తోంది అన్నవి ఒక కాగితం మీద రాసుకుని వెళ్తే మెకానిక్‌కి సగం పని తగ్గుతుంది.

ప్రాసెసర్‌ని చివర్న అనుమానించడం పాత ఆనవాయితీ. ఇంటెల్ 13, 14 తరాల చిప్‌లు దాన్ని కొంత దెబ్బతీశాయి. గేములు ఆడుతుంటే వీడియో మెమరీ చాలడం లేదన్న సందేశం వచ్చేది, కాబట్టి నేరం గ్రాఫిక్స్ కార్డు మీద పడింది. చివరికి ప్రాసెసరే అవసరానికి మించిన వోల్టేజీ అడుగుతోందని తేలింది. 2024 ఆగస్టులో ఇంటెల్ 0x129 అనే మైక్రోకోడ్ విడుదల చేసింది, బయోస్ అప్‌డేట్ ద్వారా అది మెషీన్‌లోకి చేరుతుంది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని మాత్రం ఏ అప్‌డేటూ బాగుచెయ్యలేదు. వాటి కోసం వారంటీని మరో రెండేళ్లు పొడిగించారు. ఆ తరం డెస్క్‌టాప్ ఇంట్లో ఉండి తరచూ ఆగిపోతుంటే, గ్రాఫిక్స్ కార్డు మార్చే ముందు బయోస్ తేదీ, ప్రాసెసర్ కొన్న బిల్లు రెండూ బయటికి తియ్యాలి.