కువైట్ విజయగాథల్లో కనిపించని అమ్మ

ప్రవాస తెలుగు సంఘాల ప్రత్యేక సంచికల్లో ఏటా ఒక విజయగాథ అయినా ఉంటుంది. రెండు సూట్‌కేసులతో కొత్త ఊళ్ళో దిగడం, ఉద్యోగం, కొన్నాళ్ళకు సొంత వ్యాపారం, ఆ హడావుడిలోనే ఇంట్లో ఒక చంటిబిడ్డ, చివరికి గుమ్మం మీద సొంత బోర్డు. ఇలాంటి వ్యాసాలు చదివి సంతోషించినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అయితే ఈ మూస అమెరికా తెలుగువాళ్ళ అనుభవం మీద తయారైంది. దాన్ని కువైట్‌కి తెచ్చి తొడిగితే ఎక్కడ పొసగదో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా "సొంత" అన్న మాట. కువైట్‌లో మామూలు కంపెనీ పెడితే కనీసం 51 శాతం వాటా కువైటీలదో, గల్ఫ్ సహకార మండలి దేశాల పౌరులదో కావాలి. 2013 నాటి 116వ నంబరు చట్టం ప్రత్యేక అనుమతి పొందిన పెట్టుబడులకు నూరు శాతం వాటా ఇస్తుంది గాని, అది మెస్సు పెట్టేవాడినీ, టైలరు దుకాణం తెరిచేవాడినీ దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. అదే ఏడాది 200 కోట్ల దీనార్ల మూలధనంతో ఏర్పడిన చిన్న, మధ్యతరహా సంస్థల జాతీయ నిధి కువైటీల కోసం. 2004లో అక్కడ పుట్టి, 2015లో సుమారు 17 కోట్ల డాలర్లకు రాకెట్ ఇంటర్నెట్ చేతికి వెళ్ళిన తలాబాత్ కథని సాఫ్ట్‌వేర్ వాళ్ళం గొప్పగా చెప్పుకుంటాం. దాన్ని స్థాపించినవాళ్ళు ఆ దేశ పౌరులన్న సంగతి మాత్రం వదిలేస్తాం.

బిడ్డ విషయమూ అంతే. అక్కడ పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు. 1959 నాటి చట్టం ప్రకారం అది తండ్రిని బట్టి వస్తుంది. మన పిల్లల నివాసం మన అకామా ఉన్నంతవరకే. దుకాణమూ బిడ్డా రెండూ ఒకే కాగితం మీద ఆధారపడి ఉంటాయి. ఆ కాగితం ఊసెత్తకుండా "కష్టపడితే ఫలితం దక్కుతుంది" అని ముగించే వ్యాసం సగమే చెప్పినట్టు.

మిగతా సగంలో ఇంకో మనిషి ఉంది. మేము చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ మొదలుపెట్టేనాటికి మా అమ్మాయికి ఏడాదిన్నర. నేను క్లయింట్ల చుట్టూ తిరుగుతుంటే, నా భార్య లెక్కలు చూసుకునేది. పాపకి అన్నం తినిపించి నిద్రపుచ్చింది రాజంపేట వైపు నుంచి వచ్చిన ఒక అక్క. పాపకి మొదట పట్టుబడిన తెలుగు కడప యాసే. ఆ అక్క సొంత కొడుకు ఊళ్ళో అమ్మమ్మ దగ్గర పెరిగేవాడు. ఒకరోజు నవ్వుతూనే చెప్పింది: "మావోడు ఫోన్లో నన్ను అత్తా అంటాండాడు సార్, వాళ్ళ మామ పిల్లోళ్ళు పిలిచినట్టే."

ఈ వాక్యం ఏ విజయగాథలోనూ నాకు కనపడలేదు. కువైట్ 2015లో 68వ నంబరు చట్టంతో ఇంటి పనివారికి వారానికి ఒక సెలవు, రోజుకు 12 గంటల పరిమితి రాసింది. 2016లో కనీస జీతం నెలకు 60 దీనార్లుగా నిర్ణయించారు. 2024లో కుటుంబాన్ని తెచ్చుకోవడానికి 800 దీనార్ల జీతం ఉండాలన్నారు. నా బిడ్డ నా దగ్గర, ఆవిడ బిడ్డ ఊళ్ళో ఎందుకున్నారో ఈ రెండు అంకెలే చెబుతాయి.

మన సాహిత్యం గల్ఫ్ కష్టాలు రాయలేదని కాదు. పెద్దింటి అశోక్‌కుమార్ "ఎడారి మంటలు" నవల ఉంది. కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళిన ఆడవాళ్ళ గురించి పత్రికల్లో తరచూ కథనాలు వస్తూనే ఉన్నాయి. కానీ వలసకూలీ వ్యథ ఒకచోట, వ్యాపారి విజయం మరోచోట అచ్చవుతాయి. రెండూ ఒకే ఇంట్లో, ఒకే ఉయ్యాల పక్కన జరుగుతున్నాయన్న సంగతి రెండింటిలోనూ ఉండదు.

ఈ పని ఒక కువైటీ రచయిత చేశాడు. సౌద్ అల్ సనూసీ 2012లో రాసిన అరబ్బీ నవల "సాక్ అల్ బాంబూ" (వెదురు కాండం) మరుసటి ఏడాది అంతర్జాతీయ అరబ్ నవలా బహుమతి గెలుచుకుంది. ఫిలిప్పీన్స్ నుంచి పనికొచ్చిన జోసెఫీన్‌కీ, ఆ ఇంటి కొడుకు రాషిద్‌కీ పుట్టిన అబ్బాయి తన కథ తానే చెబుతాడు. ఆ ఇల్లు అతన్ని లోపలికి రానిస్తుంది గాని తనవాడని బయటికి చెప్పదు. నవలలో అక్కడక్కడా వాదన కథని మించిపోతుంది; అయినా పనిమనిషి బిడ్డకి కథ చెప్పే అధికారం ఇవ్వడం చిన్న విషయం కాదు. యజమాని వర్గం నుంచి వచ్చిన రచయిత తన ఇంటిని అలా చూడగలిగినప్పుడు, అదే ఊళ్ళో సగం యజమానులమూ సగం పరాయివాళ్ళమూ అయిన మనం ఎందుకు చూడలేం?

ఇకమీదట కువైట్ నుంచి విజయగాథ రాసేవాళ్ళని నేను కోరేది పశ్చాత్తాపం కాదు, కృతజ్ఞత చెప్పే ఒక చివరి పేరా కూడా కాదు. వ్యాపారం ఎవరి పేరున ఉంది, బిడ్డని ఎవరు ఎత్తుకున్నారు, ఆవిడ బిడ్డని ఎవరు ఎత్తుకున్నారు అన్న మూడు ప్రశ్నలకి కథలోనే జవాబు ఉండాలి. అప్పుడు గుమ్మం మీద బోర్డు కొంచెం చిన్నదిగా కనిపించవచ్చు. గుమ్మం లోపల ఎవరెవరున్నారో మాత్రం తెలుస్తుంది.