నవ్వని వీరుడు

అమెరికా టెలివిజన్‌లో వచ్చిన సూపర్ హీరో హాస్యనాటికలలో నేటికిని తలంపునకు వచ్చునది 'బ్యాట్‌మన్'. ఏ.బి.సి. సంస్థ 1966 జనవరి 12న ప్రారంభించిన యీ ప్రదర్శన 1968 మార్చి వరకు 120 భాగములు సాగినది. నిర్మాత విలియం డోజియర్. నాయకుడు ఆడమ్ వెస్ట్. అనుచరుడగు రాబిన్‌గా బర్ట్ వార్డ్ నటించెను.

ఇందలి హాస్యమునకు మూలము నాయకుడు నవ్వకుండుటయే. మొదటి భాగమున అతడు ముసుగుతోను, కొమ్ములవంటి చెవులతోను నృత్యశాల జొచ్చి, పదుగురి కంట పడరాదని మిక్కిలి గంభీరముగా పలికి, నారింజరసము పుచ్చుకొనును. దొంగల వెంట బోవు తొందరలోనైనను సీటు బెల్టు బిగించుకొమ్మని రాబిన్‌కు హితవు చెప్పును. బాలురకది సాహసకథ, పెద్దలకది ప్రహసనము.

ఈ ఆదరణ చూచి 1967 జనవరి 9న, ఒకే రాత్రి, రెండు అనుకరణములు వెలువడినవి. ఎన్.బి.సి. వారి 'కెప్టెన్ నైస్'లో వీరుడు తల్లిచాటు బిడ్డ, సి.బి.ఎస్. వారి 'మిస్టర్ టెరిఫిక్'లో, మాత్ర మింగినచో గంటసేపు బలము వచ్చు పెట్రోలు బంకు పనివాడు. రెండును ఆ యేడే ముగిసినవి. అందు వీరునే వెర్రివానిగ జేసిరి. వీరుడు బోర్లపడినచో ఒకసారి నవ్వు వచ్చును. వారము వారము రాదు.

మన తోలుబొమ్మలాటలో నవ్వించు పని కేతిగానిది, బంగారక్కది. రాముని గాంభీర్యము రామునికే మిగులును. బ్యాట్‌మన్ కథలో ఆ రెండు పనులును ఒక్కనిమీదనే పడినవి. కత్తిమీది సామువంటి యీ పనిని వెస్ట్ నెరవేర్చెను. దోషములు లేకపోలేదు: ప్రతి కథయు ఒకే అచ్చున పోసినట్లుండును. ఆ వేషము వెస్ట్‌ను విడువక, తరువాత అతనికి ఇతర పాత్రలు దొరకుట దుర్లభమైనది.

పూజ్యమైనదానిని చూచి నవ్విన గౌరవము చెడునని మనలో పెద్దలు భయపడుదురు. పరభాషల నడుమ పెరుగు మన పిల్లలు మన గ్రంథిక పద్యములకు నవ్వినపుడు ఆ భయము మరింత హెచ్చును. అయితే 2017 జూన్‌లో వెస్ట్ మరణింపగా, లాస్ ఏంజిలిస్ నగర కార్యాలయపు గోడపై గబ్బిలపు గుర్తును వెలుగుతో చూపి నివాళి అర్పించిరి. యాబదేండ్లు నవ్విన జనమే ఆ గౌరవమును చేసినది. చెప్పువాడు గాంభీర్యము విడువకున్న, వినువాని నవ్వు ప్రేమకు అడ్డురాదు.